ఎవరూ ఏమీ అనలేదు

చంద్రవ్వ బడిలో వంటకు కుదిరిన వారం లోపే పిల్లలు ఇంటి నుంచి సద్ది డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఎల్లంతకుంట దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు అది. అక్కడి సర్కారు బడిలో అంతకుముందు వండిన ముసలామె మోకాళ్ల నొప్పులతో మానేసింది. మహిళా సంఘంలో ఇంకెవరూ ముందుకు రాకపోతే ఎస్సీ కాలనీలో ఉండే చంద్రవ్వ "నేను వండుత" అంది. సంఘం తీర్మానం చేసింది, బడి పెద్దసారు సంతకం పెట్టాడు. చంద్రవ్వకు వండడమంటే ఇష్టం. కాలనీలో పెళ్లయినా చావయినా వంట గంజు పొయ్యి మీదికెక్కిందంటే గంటె ఆమె చేతిలోనే ఉండేది. బడి పప్పును కూడా అదే శ్రద్ధతో వండింది. నీళ్లు తక్కువ పోసి, చింతపులుసు కలిపి, ఎల్లిపాయ దంచి పోపు పెట్టి దించింది. మొదటి రెండు రోజులు పిల్లలు మారు అడిగి మరీ తిన్నారు.

మూడో రోజు ఒక పిల్ల డబ్బా తెచ్చుకుంది. కడుపు నొస్తుందని వాళ్లమ్మ కట్టిచ్చిందట. మర్నాడు ఇంకో నలుగురు తెచ్చుకున్నారు. దసరా సెలవులు దగ్గర పడేసరికి పళ్లెం పట్టుకొని వరసలో నిలబడేది కాలనీ పిల్లలు మాత్రమే. మిగతా వాళ్లు ఆ పక్క వరండాలో కూచొని డబ్బాలు విప్పుకునేవాళ్లు. వాళ్లలో బాగా చిన్నవాళ్లు గంజు వైపు తొంగి చూసి, పెద్దపిల్లలు కసిరితే తల దించుకొని తినేవాళ్లు. గుడ్డు పెట్టే రోజు మాత్రం అందరూ వచ్చి గుడ్డు తీసుకొని పోయేవాళ్లు. గుడ్డుకు పెంకు ఉంటుంది కదా.

చంద్రవ్వ కూతురు రాధిక అప్పుడు సిరిసిల్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సెలవులకు రెండు రోజుల ముందే ఇంటికి వచ్చినప్పుడు, తల్లి బడి నుంచి మిగిలిన అన్నం మోసుకొచ్చి కాలనీలో పంచడం చూసింది.

"గింత అన్నం ఎందుకు మిగిలిందవ్వా?"

"పోరలు తింటలేరు."

"ఎందుకు?"

చంద్రవ్వ గిన్నె బోర్లించింది. రాధికకు ఆ ఊళ్లో పుట్టి పెరిగినంత మాత్రాన తెలియవలసినవి అన్నీ తెలుసు. ఇంకో ప్రశ్న అడగలేదు. మర్నాడే మండల ఆఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చింది.

దరఖాస్తు అందుకున్న అధికారి మంచివాడే. సెలవులు అయిపోగానే ఇద్దరు విలేకరులను వెంట పెట్టుకొని బడికి వచ్చాడు. పిల్లలందరినీ వరసగా కూచోబెట్టి, తానూ మధ్యలో కూచొని చంద్రవ్వ వడ్డించిన పప్పన్నం తిన్నాడు. "వంట అద్భుతంగా ఉంది" అన్నాడు. ఫొటో పేపర్లో వచ్చింది. ఆ తెల్లవారి డబ్బాలు మళ్లీ వచ్చాయి.

కొన్నాళ్లకు పెద్దసారు చంద్రవ్వను పక్కకు పిలిచాడు. "తినే పిల్లల లెక్క తగ్గుతున్నది చంద్రవ్వా. పైనుంచి అడుగుతున్నరు. ఇగ నువ్వు గిన్నెలు తోముడు, వాకిలి ఊడ్సుడు చూస్కో. వంటకు ఇంకొకామెను పెడ్త. రుచి తక్కువైతుందంటున్నరు గద" అన్నాడు. ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. ఊళ్లోంచి వేరే ఆమె వంటకు వచ్చింది. ఆ రోజుతో సద్ది డబ్బాలు మాయమయ్యాయి. చంద్రవ్వ నల్లా దగ్గర కూచొని, తన చేత్తో వండని అన్నం తిన్న పళ్లేలను తోమింది.

రాధిక ఇది విని ఉండబట్టలేకపోయింది. తల్లిని వెంటబెట్టుకొని ఠాణాకు పోయింది.

ఎస్సై వాళ్లను కూచోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. "ఏమన్నరమ్మా నిన్ను?" అని అడిగాడు.

"ఏమనలేదు సార్" అంది చంద్రవ్వ.

"కులం పేరు వెట్టి తిట్టిండ్రా?"

"లేదు సార్."

"పోనీ, నువ్వు వండితే మా పిల్లలు తినరని ఎవరన్న అన్నరా?"

"నాతోని ఎవ్వలు అనలేదు."

ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టాడు. "మరి నేనేం రాయాలమ్మా? ఇంటి నుంచి సద్ది తెచ్చుకున్నరని కేసు రాయాల్నా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగినట్టు అడిగాడు.

బయటికి వచ్చాక రాధిక కోపం తల్లి మీదికి మళ్లింది. "ఒక్క మాట అన్నరని చెప్తే ఏం పోతుండె నీది? వాళ్లందరి మనసుల ఉన్నదే గద!"

చంద్రవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "అననిదాన్ని అన్నరని ఎట్ల చెప్పాలె బిడ్డ? గా పోరలకు నేను రెండు దినాలు అన్నం వెట్టిన. వాళ్ల తల్లుల మీద అబద్ధం ఆడనస్తదా నాకు?"

ఇంటికి బస్సెక్కారు. రాధిక కిటికీ వైపు తిరిగి కూచుంది. ఒక్క మాట కూడా అనకుండా ఒక మనిషి చేతిలోంచి గంటె లాక్కోవచ్చు. దాన్ని ఏమనాలో, ఎక్కడ చెప్పుకోవాలో ఆ ఎస్సైకి తెలియలేదు, తనకూ తెలియలేదు. ఎక్కడో ఎవరికో తెలిసి ఉండాలి. ఊరు వచ్చేలోపే తాను లా చదవాలని గట్టిగా అనుకుంది.

డిగ్రీ అయిపోగానే లాసెట్ రాసింది. హైదరాబాద్‌లో మంచి కాలేజీలో సీటు వచ్చింది. రాధిక తండ్రి మొండయ్య రైస్ మిల్లులో హమాలీ. హైదరాబాద్‌లో హాస్టలు, ఫీజులు అతని భుజాల మీద ఎత్తుకోగలిగిన మూట కాదు. అప్పుడే ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. సామాజిక న్యాయం కోసం పనిచేయాలనుకునే లా విద్యార్థులకు ఒక ట్రస్టు ఉపకారవేతనం ఇస్తోంది. చదువు ఖర్చంతా వాళ్లదే. చదువయ్యాక సొంత ప్రాంతానికి తిరిగి వచ్చి రెండేళ్లు పేదల పక్షాన పనిచేయాలన్నది షరతు. రాధికకు ఆ షరతు షరతులా అనిపించలేదు.

ఇంటర్వ్యూ జగిత్యాలలో పెట్టారు. తండ్రీకూతుళ్లు పొద్దున్నే బస్సెక్కి పోయారు. మొండయ్య బయట మెట్ల మీద కూచున్నాడు. లోపల ముగ్గురు ఉన్నారు. ఒకాయన పదవీ విరమణ చేసిన జడ్జి, ఒకాయన ట్రస్టు మేనేజరు, మూడో ఆమె జగిత్యాల కోర్టులో ప్రాక్టీసు చేసే కళ్యాణి మేడం. నెరిసిన జుట్టును గట్టిగా వెనక్కి ముడేసుకొని, చూపు తిప్పకుండా వినే మనిషి.

"లా ఎందుకు చదువుతనంటున్నవు?" అని కళ్యాణి మేడమే అడిగింది.

"మా అవ్వ కోసం మేడం" అంది రాధిక. జరిగింది చెప్పింది.

ముగ్గురూ సానుభూతిగానే విన్నారు. కళ్యాణి మేడం మళ్లీ అడిగింది. "రేపు మీ అవ్వకు వంట పని మల్ల ఇచ్చిండ్రనుకో. అప్పుడేం చేస్తవు?"

రాధిక ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. "తెల్వది మేడం" అంది.

వారం తిరగకుండానే ఫోన్‌కు సందేశం వచ్చింది. ఈ ఏడు ఎంపిక కాలేదన్నారు. కారణం కూడా ఒక వాక్యంలో ఉంది. అభ్యర్థి ఉద్దేశం ప్రధానంగా వ్యక్తిగతమైనదని సభ్యులు భావించారట. కాలేజీ సీటు చేజారిపోయింది. రాధిక సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పనికి చేరింది. కుట్టిన చొక్కాలకు దారాలు కత్తిరించి, మడత పెట్టి, కట్టలు కట్టే పని. ఆ 'వ్యక్తిగతం' అన్న మాట మాత్రం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. మా అవ్వను ఎవరన్నా ఆమె పేరు చూసి తీసేశారా? ఆమె ముక్కు నచ్చక తీసేశారా? మరి ఇది ఆమె సొంత సంగతి ఎట్లయింది? ఇది ఆ ముగ్గురి ముందు చెప్పవలసిన మాట. ఇప్పుడు చొక్కాల ముందు చెప్పుకుంటోంది.

కొన్నాళ్లకు జగిత్యాలలో బడి వంటవాళ్ల సభ జరిగింది. గిన్నెలు తోమే పనికి మారినా చంద్రవ్వ పేరు సంఘంలో అట్లాగే ఉంది. ఒక్కతే పోలేనంటే రాధిక తోడు వెళ్లింది. మధ్యాహ్నం షామియానా కింద ఆడవాళ్లందరూ సద్దులు విప్పారు. చంద్రవ్వ పక్కన కూచున్నామె పేరు సారక్క. కోరుట్ల దగ్గరి ఊరు. బలమైన మనిషి, బిగ్గరగా మాట్లాడుతుంది. నువ్వు ఎంతమందికి వండుతావని చంద్రవ్వ మాటల్లో మాటగా అడిగింది.

"వండుడు బందయి ఏడాది దాటె వదినా" అంది సారక్క. "మా ఊర్లె పోరగాండ్లందరికి ఒక్కపారే భక్తి అచ్చింది. సోమారం ఉపాసమట, గురువారం ఉపాసమట, శనివారం ఉపాసమట. తక్కిన దినాలు కడుపునొప్పి. నన్ను తీసేసినంక చూడు, ఏ దేవునికి ఉపాసం లేదు, ఎవ్వనికి కడుపునొప్పి లేదు!"

సారక్క నవ్వింది. చంద్రవ్వ కూడా చాలా రోజుల తర్వాత నవ్వింది. రాధిక తినడం ఆపేసింది.

"మీతోని ఎవలన్న ఏమన్న అన్నరా అత్తా?"

"ఎవ్వలేమంటరు బిడ్డ? అంటే జవాబు చెప్పకపోదునా?"

ఆ సాయంత్రం బస్టాండులో రాధిక సారక్క ఫోన్ నంబరు తీసుకుంది. వచ్చే ఆదివారం మీ ఊరికి వస్తానని చెప్పింది. ఇద్దరికీ ఒకేలా జరిగిందంటే ఇంకెందరికి జరిగిందో చూడాలి.

ఊళ్లన్నిటికీ బస్సులు లేవు. మొండయ్య తన టీవీఎస్ బండి తుడిచి బయటికి తీశాడు. కూతురు లా చదువుతానన్నప్పుడు అతను అవుననలేదు, కాదనలేదు. ఆదివారం మిల్లుకు సెలవు పెట్టి ఆమెను వెనక కూచోబెట్టుకొని పోయేవాడు. సిరిసిల్ల వైపు కొన్ని ఊళ్లు, జగిత్యాల వైపు కొన్ని, కోరుట్ల అవతల కొన్ని. వంటామె ఇల్లెక్కడని అడిగి, గడపలో కూచొని మాట కలిపేది. చాలా ఊళ్లలో అటువంటిదేమీ లేదు, పిల్లలు చక్కగా తింటున్నారు. కొన్ని ఊళ్లలో మాత్రం అడగగానే ఆ ఆడవాళ్లు చేస్తున్న పని ఆపి తలుపు వైపు చూసేవాళ్లు. ఒక ఊళ్లో పిల్లలకు నీళ్లు పడడం లేదన్నారట, ఇంకో ఊళ్లో పొగ పడడం లేదన్నారట. ఒకామెను వంటలోంచి తీసి తోటపని ఇచ్చారు.

కోరుట్ల అవతలి ఊళ్లో ఒకామె మొత్తం విని లేచి నిలబడింది. "నన్నింకా తీసెయ్యలే. సగం మంది తింటున్నరు, సగం మంది తింటలేరు. నువ్వు గిట్ల తిరుగుతున్నవని తెలిస్తే రేపే తీసేస్తరు. నీ సదువు కోసం నా పొయ్యి ఆర్పుతవా?" అని తలుపు వేసేసింది.

రాధిక ముఖం చిన్నబోయింది. ఊరి బయట చాయ్ బండి దగ్గర మొండయ్య బండి ఆపాడు. రెండు చాయ్‌లు చెప్పి, ఒకటి కూతురి చేతికిచ్చాడు.

"ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది?" అన్నాడు.

"నేను ఆమె మంచికే గద బాపూ అడిగింది."

"కావచ్చు. రేపు నీకు సదువస్తది. ఆమెకేమొస్తది? గా మాట ముందు చెప్పు, అటెన్క అడుగు."

చాయ్ చల్లారిపోయింది. ఆ మాటతో ఆమె అడిగే తీరే మారిపోయింది. తర్వాత ఏ గడపలో కూచున్నా ముందుగా తన సంగతి చెప్పేది. నేనింకా వకీలును కాను, ఇప్పుడు మీకు ఏమీ చేయలేను, మీరు చెప్పమన్నప్పుడే మీ పేరు నా నోట వస్తుంది అని చెప్పేది. అట్లా చెప్పాక కొందరు కూచోమని నీళ్లిచ్చారు, కొందరు ఇవ్వలేదు. వాళ్లలో ఆరేడుగురు మాత్రం అప్పుడప్పుడు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేయడం మొదలుపెట్టారు.

మరుసటేడు మళ్లీ లాసెట్ రాసింది, మళ్లీ సీటు వచ్చింది. మళ్లీ అదే ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టింది. యూనిట్‌లో తోటి పనివాళ్లు, ఒకసారి కాదన్నవాళ్ల గడప మళ్లీ ఎందుకు తొక్కుతావన్నారు. "వాళ్లకు నేను సగమే చెప్పిన" అంది రాధిక.

జగిత్యాలలో అదే గది, అదే ముగ్గురు. కళ్యాణి మేడం ఆమెను గుర్తుపట్టింది. ప్రశ్న కూడా మార్చలేదు.

"లా ఎందుకు చదువుతనంటున్నవు?"

"మా అవ్వ కోసం మేడం."

మేనేజరు కాగితాల్లోంచి తల ఎత్తాడు. "పోయినసారి కూడా ఇదే చెప్పినవు కదమ్మా?"

"నిజం అదే సార్. దాన్ని మార్చి ఎట్ల చెప్తను? నిరుడు మా అవ్వ ఒక్కతే అనుకున్న. ఏడాదంత తిరిగినంక తెలిసింది, కోరుట్ల దిక్కు ఒకామె, జగిత్యాల దిక్కు ఇద్దరు, సిరిసిల్ల దిక్కు ఇంక కొందరు. అందరికి ఒక్కతీరుగనే అయింది. ఎవ్వరితోని ఎవ్వరు ఒక్క మాట అనలేదు. మా అవ్వకు పని ఇచ్చినా నా పని ఒడువది మేడం, ఇంకా మిగిలే ఉంటది. నిరుడు మీరడిగిన దానికి ఇది జవాబు."

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏ ఊళ్లు? వాళ్ల పేర్లేమిటి?"

"చెప్పను సార్."

"చెప్పకపోతే మేము నమ్మేదెట్లా?"

"చెప్పద్దన్నరు సార్ వాళ్లు. ఇంక కొందరు అదే పని మీద బతుకుతున్నరు. నాకు ఈ స్కాలర్షిప్ రావాలని వాళ్ల పేర్లు చెప్తే, రేపు ఏ మొఖం పెట్టుకొని వాళ్ల ఇంటికి పోవాలె?" రాధిక తల దించలేదు. "ఇయ్యకున్నా సరే. వచ్చేయేడు మల్ల వస్త."

కళ్యాణి మేడం నిదానంగా, "సరే, పోయిరా" అంది. ఎంపికైందన్న కబురు ఆ నెలాఖరున వచ్చింది. చంద్రవ్వ ఆ మాట విని మొదట నమ్మలేదు. తర్వాత బెల్లమేసి పాశం వండి కాలనీ అంతా పంచింది.

హైదరాబాద్‌లో మొదటి ఏడాది తేలిగ్గా గడవలేదు. పాఠాలన్నీ ఇంగ్లీషు. లేచి ప్రశ్న అడగాలంటే వాక్యాన్ని మనసులో ముందే కట్టుకోవాలి. కట్టుకునేలోపు సార్ వేరే పాఠంలోకి పోయేవాడు. రాధిక వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి మారింది. తప్పులతోనే అడగడం మొదలుపెట్టింది. కొందరు నవ్వారు, కొన్నాళ్లకు నవ్వడం మానేశారు. ఒక పూట ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పాఠం జరుగుతోంది. తిట్టడం, కొట్టడం, అవమానించడం ఒక్కొక్కటే చెబుతూ సార్ సాంఘిక వెలి దగ్గరికి వచ్చాడు. కులం కారణంగా ఒకరితో మామూలుగా ఉండే పనులూ సంబంధాలూ మానుకోవడం, మానుకొనేలా చేయడం కూడా నేరమేనని ఆ చట్టంలో ఉంది. రాధిక ఆ పేరాను ముందు ఇంగ్లీషులో, తర్వాత తనలో తాను తెలుగులో చదువుకుంది. తరగతి అయిపోగానే వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"అవ్వా, నోటితోని అనకపోయినా నేరమేనట! చట్టంలనే ఉన్నది!"

"అవునా" అంది చంద్రవ్వ. "నేను ఎస్సైకి అబద్ధం చెప్పకుండుడు మంచిదే అయింది గద మరి" అంది.

వేసవి సెలవుల్లో ఎక్కడన్నా ఒక వకీలు దగ్గర పని నేర్చుకోవాలని ట్రస్టు నియమం. రాధిక జగిత్యాలలో కళ్యాణి మేడం ఆఫీసుకు పోయింది. మేడం ఆమెకు కుర్చీ చూపించి, మొదటి రోజే ఒక సంగతి చెప్పేసింది.

"మొదటిసారి నిన్ను వద్దన్నది నేనే రాధికా. మిగతా ఇద్దరు ఇద్దామన్నరు. సొంత కోపంతోని వచ్చినవాళ్లను శాన మందిని చూసిన. కేసు గెలిచినా ఓడినా ఆ తెల్లారి కనవడరు."

రాధికకు చివుక్కుమంది. ఏడాదిపాటు దారాలు కత్తిరించిన వేళ్లు గుర్తొచ్చాయి. "ఇప్పుడు కనవడుతున్న గద మేడం" అని మాత్రం అంది.

"అందుకే చెప్తున్న" అంది కళ్యాణి మేడం. "రేపటి నుంచి పని మొదలుపెడ్దాం."

ఒక ఆదివారం కోరుట్ల దగ్గర సారక్క ఇంట్లో, రాధిక అడిగితే సరేనన్న వంటామెలందరూ కూచున్నారు. తలుపు వేసేసినామె రాలేదు. వచ్చిన వాళ్లకు కళ్యాణి మేడం చట్టం విప్పి చెప్పింది. పోలీసు కేసు పెట్టవచ్చు, వాళ్ల వంట నుంచి పిల్లలను దూరం పెట్టిన తల్లిదండ్రుల మీద కూడా పెట్టవచ్చు అంది. రాధిక ఆ మాట కోసమే ఇన్నేళ్లు ఎదురుచూసింది. ఆమె కళ్లు తల్లి మీదే ఉన్నాయి.

"నాకద్దు" అంది చంద్రవ్వ.

"ఏందవ్వా?"

"గా పోరల తల్లిదండ్రులను ఠాణాల కూసోవెట్టుడు నాకద్దు. వాళ్లు జైలుకు వోతే పోరలు నా చేతి బువ్వ తింటరా? నా గంటె నాకియ్యిమను. ఎవ్వల మాట విని తీసిండ్రో సారును చెప్పుమను. గంతే."

"గంత తేలిగ్గ ఇడిసిపెడ్తవా? నువ్వు నల్లాకాడ కూసున్న దినాలు ఎవ్వలియ్యాలె?" రాధిక గొంతు హెచ్చింది.

కళ్యాణి మేడం ఆమె చెయ్యి పట్టి కూచోబెట్టింది. "కేసు ఎవరిది రాధికా?"

రాధిక మళ్లీ తల్లి వైపు చూసింది. "అవ్వది" అంది చివరికి.

అట్లా ఆడవాళ్లు కోరిందే కాగితం మీదికి ఎక్కింది. మా పని మాకు ఇప్పించండి, తీసిన కారణం మాకు చెప్పించండి. సంతకాల వరకు వచ్చేసరికి ఇద్దరు వెనక్కి తగ్గారు. ఇంట్లో వద్దన్నారట. రాధిక వాళ్లను ఒక్క మాట కూడా అనలేదు. సారక్క వేలిముద్ర వేయబోయి, ఆగి, పెన్ను అడిగి సంతకమే చేసింది.

ఆ కాగితాలు కలెక్టర్లకు పోయాయి, ఏ జిల్లా విచారణ ఆ జిల్లాలోనే జరిగింది. చంద్రవ్వ సంగతి సిరిసిల్లలో. రాధిక ఇంకా విద్యార్థే కాబట్టి మాట్లాడే హక్కు లేదు. కళ్యాణి మేడం వెనక ఫైలు పట్టుకొని కూచుంది. పెద్దసారు వంటలో రుచి తగ్గిందనే చెప్పాడు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నది అందుకేనన్నాడు. రాధిక ముందుకు వంగి మేడం చెవిలో ఒక మాట చెప్పింది. మేడం లేచి, "గుడ్డు పెట్టిన రోజు అందరూ వచ్చి తీసుకున్నరు కదా సార్. ఉడకబెట్టింది కూడా చంద్రవ్వే కదా. దాని రుచి మాత్రం బాగుండెనా?" అని అడిగింది.

విచారణాధికారి రాయడం ఆపి పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నాతోని గూడ ఎవ్వలు అనలేదు సార్. ఆమెను తియ్యమని ఒక్కలు గూడ అడగలేదు. అడుగుతరని నాకు ఎరుకే. అందుకే అడగకముందే నేనే మార్చిన." తర్వాత చంద్రవ్వ వైపు తిరిగాడు. "వంట మంచిగనే ఉంటుండె."

చంద్రవ్వ కన్నీళ్లు పెట్టుకోలేదు. చీర కుచ్చిళ్లు సవరించుకొని, "గా మాట చాలు" అంది.

ఉత్తర్వు వచ్చేసరికి వర్షాకాలం మొదలైంది. చంద్రవ్వను మళ్లీ వంటకు తీసుకోవాలని, ఇకమీదట వంటవాళ్లను మార్చాలంటే కారణం రాతపూర్వకంగా చూపి, వాళ్ల మాట విన్నాకే మార్చాలని అందులో ఉంది. జగిత్యాలలో సారక్కకూ అటువంటిదే వచ్చింది. తోటపనికి మార్చినామెకు మాత్రం రాలేదు. ఆమె ఊరి బడిలో పిల్లలు తగ్గి బడే మూతపడింది. చంద్రవ్వ మళ్లీ పొయ్యి వెలిగించిన రోజుల్లో ముగ్గురు పిల్లలను వాళ్ల ఇళ్లవాళ్లు ప్రైవేటు బడి వ్యానెక్కించారు. కొందరు కొన్నాళ్లు డబ్బాలు తెచ్చుకున్నారు. చంద్రవ్వ రోజూ బడి మొత్తానికీ లెక్కపెట్టి వండింది. పెద్దసారు తక్కువ వండమని చెబితే, రాతపూర్వకంగా ఇవ్వమంది. వానలు వెనక్కి పట్టేసరికి వరస వరండా చివరి దాకా సాగింది.

రాధిక లా చదువు పోయిన వేసవితో అయిపోయింది. తోటి వాళ్లు చాలామంది హైదరాబాద్‌లోనే ఉండిపోయారు. ఆమె సిరిసిల్లలో ఆఫీసుకు ఒక గది వెతుక్కోవడానికి వచ్చింది. మెయిన్ రోడ్డుకు దగ్గరగా, మేడ మీద, గాలీ వెలుతురూ ఉన్న గది ఒకటి నచ్చింది. ఇంటాయన గది చూపించి, అద్దె చెప్పి, అంతా మాట్లాడాక మెట్ల దగ్గర ఆగాడు.

"మీరు ఏమోళ్లమ్మా?"

రాధిక కులం పేరు చెప్పింది.

"అట్లనా" అన్నాడాయన. "ఇంట్ల ఒక మాట అడిగి చెప్త. మల్ల ఫోన్ చేస్త."

"అడగండి సార్. నేను ఈడనే కూసుంట" అంది రాధిక. కింద వరండాలో ఉన్న కుర్చీ లాక్కొని కూచుంది. "ఇచ్చినా ఇయ్యకున్నా మీ నోటితోనే చెప్పండి. ఎందుకు ఇయ్యరో అది గూడ చెప్పండి. విని పోత."

ఇంటాయన లోపలికి పోయాడు. లోపల భార్యాభర్తల మాటలు వినిపించీ వినిపించకుండా సాగాయి. వీధిలో మగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది. రాధిక కదలలేదు. చాలాసేపటికి బయటికి వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య. ఒక చేతిలో మంచినీళ్ల గ్లాసు, ఇంకో చేతిలో తాళంచెవి.

"వకీలువట గద. ఆడోళ్ల కేసులు గూడ చూస్తవా?" అని అడిగింది.

"చూస్తనమ్మా."

ఆ ఆదివారం మొండయ్య మిల్లులోని తోటి హమాలీ ఒకతన్ని తోడు తెచ్చుకొని, పాత చెక్కబల్లను మెట్ల మీదుగా పైకి ఎక్కించాడు. బల్ల మలుపు దగ్గర ఇరుక్కుంటే, రాధిక పుస్తకాల సంచీ కింద పెట్టి, మూడో మూల తాను పట్టుకుంది.